నిద్ర పట్టకపోతే ముందు ఏది మేల్కొని ఉందో చూడండి

నిద్ర పట్టడం లేదంటే అందరూ చెప్పేది ఒకటే: "పాలు తాగి పడుకో, ఏమీ ఆలోచించకు." ఎందుకు పట్టడం లేదని అడిగేవాళ్ళు తక్కువ. ఉక్కపోతతో మేల్కొన్నవారికి పాలు పనిచేయవు. రేపటి కిస్తీ తలచుకుని మేల్కొన్నవారికి కూలర్ పనిచేయదు. మీ రాత్రి కింది వాటిలో దేనిలా గడుస్తోందో గుర్తుపట్టి, అది ఒక్కటే ముందు సరిచేయండి.

సమస్య: ఒళ్ళు అలసిపోతుంది, పడుకోగానే లెక్కలు మొదలవుతాయి

హన్మకొండలో మాకు చిన్న బట్టల దుకాణం ఉంది. తొమ్మిదిన్నరకు షట్టరు దించి, పదింటికి అన్నం తిని, పదిన్నరకు మంచం ఎక్కేవాణ్ణి. దీపం ఆర్పగానే ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ మూట రావాలో ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. రోజంతా ఆలోచించడానికి తీరిక దొరకని మనసుకు ఆ చీకటే తీరిక సమయం. పైగా, మరిచిపోతామేమోనన్న భయం ప్రతి పనినీ మళ్ళీ మళ్ళీ తలపుకు తెస్తుంది.

దీనికి నాకు పనిచేసింది పాత చిట్టా పుస్తకం. భోజనం అయ్యాక ఐదు నిమిషాలు కూర్చుని రేపు చేయాల్సినవి రాస్తాను. "బాకీలు చూడాలి" అని కాదు, "పదకొండింటికి ఫోను చేసి రెండు వేలు అడగాలి" అని. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 57 మందితో ఇదే పరీక్షించారు. అయిపోయిన పనులు రాసినవారి కంటే చేయాల్సిన పనులు రాసినవారు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది.

రాసినా గుండె దడ తగ్గకపోతే వెల్లకిలా పడుకుని చెయ్యి పొట్ట మీద పెట్టండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదలడం నిదానంగా ఉండాలి, అసలు పని అక్కడే జరుగుతుంది. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసేవారిలా పగలంతా ఒళ్ళు వంచినవారికి కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. వారు పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నీ ఐదు క్షణాలు బిగించి వదులుతూ మెడ దాకా రావచ్చు. నొప్పి ఉన్న చోట మాత్రం బిగించవద్దు.

సమస్య: ఎండాకాలం రాత్రంతా దొర్లడమే

ఓరుగల్లు నుంచి రామగుండం దాకా ఏప్రిల్, మే నెలల్లో ఇది ఇంటింటి బాధ. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి వేడి కొంత దిగాలి. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. గూనపెంకుల ఇళ్ళలో ఇంత బాధ లేదని పెద్దలు అనేది ఉత్త జ్ఞాపకం కాదు. పెంకు సూర్యాస్తమయం తరువాత త్వరగా చల్లారుతుంది, సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది.

మా నాన్న ఆరింటికి డాబా మీద మొదటి బకెట్ పోస్తే నీళ్ళు చూస్తుండగానే ఆవిరైపోయి, నేల మళ్ళీ తెల్లబడేది. ఏడున్నరకు రెండోసారి పోస్తేనే అరికాలికి చల్లదనం తగిలేది. ఆయన అప్పుడే నవారు మంచం వేసి దోమతెర కట్టేవారు. ఒకే పోతతో ఆపితే ఫలితం అంతంతమాత్రమే. వేసవికి ముందే డాబాకు తెల్ల సున్నం కొట్టిస్తే స్లాబు పట్టుకునే వేడే తగ్గుతుంది. కూలర్ వాడేవారు దాన్ని కిటికీ దగ్గర పెట్టి, ఎదుటి తలుపో కిటికీయో తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూస్తే తేమ నిండి గదిలో ఉక్క పెరుగుతుంది.

పడుకునే ముందు స్నానం విషయంలో చాలామంది పొరబడతారు. బాగా చల్లని నీళ్ళు పోసుకుంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే నిలుస్తుంది. గోరువెచ్చని నీళ్ళతో, పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు పది నిమిషాలు స్నానం చేయండి. రక్తం అరచేతులకు, అరికాళ్ళకు చేరి ఒంటి వేడిని బయటికి వదులుతుంది.

సమస్య: ఛాతీలో మంట, పొట్ట బరువు

రాత్రి పదింటికి కారం, పులుపు దట్టించిన కూరతో తిని వెంటనే వాలిపోతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. పచ్చిపులుసంటే నాకూ ప్రాణమే, కానీ మంట ఉన్నవారు దాన్ని మధ్యాహ్నానికి మార్చుకోవాలి. భోజనానికీ పడకకూ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. సాయంత్రం ఆరింటి చాయ్ కూడా అనుమానించాల్సిందే. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదారు గంటలు పడుతుంది, అంటే పదకొండు దాటినా సగం ఒంట్లోనే ఉంటుంది.

సమస్య: ఫోను పక్కన పెట్టాక నిద్ర పారిపోయింది

తెర వెలుగు కంటే అందులో చూసిన గొడవలే ఎక్కువ మేల్కొలుపుతాయని నా నమ్మకం. ఛార్జరును ముందు గదిలో పెట్టండి, నిద్ర లేవడానికి అలారం గడియారం కొనుక్కోండి.

సమస్య: మూడింటికి మెలకువ, మళ్ళీ నిద్ర రాదు

గడియారం చూడకండి. ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చుని బట్టలు మడతపెట్టడం వంటి పని చేయండి. కళ్ళు మూతలు పడుతున్నప్పుడే మంచం ఎక్కండి. అలా చేయకపోతే మంచం చూడగానే ఆందోళన పడటం అలవాటవుతుంది. నిద్ర కోసం మద్యం తాగేవారికి ఈ మెలకువ మరీ ఎక్కువ. అది తొందరగా పడుకోబెట్టి, తెల్లవారుజామున నిద్రను ముక్కలు చేస్తుంది.

సమస్య: రాత్రి షిఫ్టు దిగి వచ్చాక నిద్ర పట్టదు

గోదావరిఖని, భూపాలపల్లి గని కార్మికులకు ఉదయమే రాత్రి. ఇంటికి వచ్చే దారిలో పడే ఎండ మెదడుకు పగలైందని చెబుతుంది. బస్సులో వచ్చేవారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవచ్చు. కిటికీకి మందపాటి నల్ల దుప్పటి కట్టండి. ఇంట్లో వాళ్ళు కుక్కరు, టీవీ ఆ నాలుగు గంటలైనా ఆపడం కార్మికునికి చేసే పెద్ద సాయం.

ఇంట్లో తేలనివి

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలాగే సాగితే వైద్యునికి చూపించాలి. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు కొనవద్దు. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరిగా లేస్తుంటే స్లీప్ ఆప్నియా కావచ్చు. ఇది నిద్రపోయేవారికి చాలాసార్లు తెలియదు, పక్కన పడుకున్నవారు గమనించి వైద్యునికి చెప్పాలి. తెల్లవారకముందే మెలకువ వచ్చి, దేని మీదా మనసు పోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు, అర్ధరాత్రి అయినా ఎత్తుతారు.