కల్చర్‌లో కణాలు చచ్చిపోతుంటే ముందు ఎక్కడ వెతకాలి?

కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో ప్లేటులో పెంచే కణాలు చనిపోగానే మనకు అనుమానం విషం మీదికే పోతుంది. మందు డోసు ఎక్కువైందా, ఫంగస్ పట్టిందా అని టెన్షన్. అవీ చూడాల్సిందే. కానీ జంతుకణాల తీరు వేరు. బతకమని బయటినుంచి సంకేతం అందుతున్నంతకాలమే వాటిలో చాలావరకు బతుకుతాయి, అది ఆగితే తమను తామే చంపుకుంటాయి. కాబట్టి కొత్తగా ఏం కలిసిందనే కాదు, ఏం తగ్గిందో కూడా చూడండి.

ముందు అది ఏ రకం చావో తేల్చుకోండి. కణం ముడుచుకుపోయి, బుడిపెలు లేచి, ముక్కలైతే అపోప్టోసిస్, అంటే కణం తనను తానే చంపుకోవడం. ఉబ్బి పగిలితే నెక్రోసిస్, అంటే దెబ్బతిని చావడం. అనెక్సిన్-వి (చస్తున్న కణం పొరకు అంటుకునే ప్రోటీన్) అంటుకుని, ప్రొపీడియం అయొడైడ్ (పొర దెబ్బతిన్న కణాల్లోకే పోయే రంగు) లోపలికి పోకపోతే అపోప్టోసిస్ తొలిదశలో ఉన్నట్టు. ఆలస్యంగా చూస్తే రెండూ అంటుకుంటాయి, ఇక ఏదీ తేలదు.

సమస్య: సీరం (రక్తం నుంచి తీసి కణాలకు పోసే ద్రవం) తీసేసిన మర్నాటికే కణాలు ఊడి తేలుతున్నాయి

కారణం: సీరంలోని గ్రోత్ ఫ్యాక్టర్లు (బతుకు, పెరుగు అని చెప్పే ప్రోటీన్లు) కణం మీది రిసెప్టర్లకు తగిలితే పీఐ3-కైనేజ్, దాని వెనకే ఏకేటీ అనే ఎంజైములు పనిలోకి దిగుతాయి. ఏకేటీ వెళ్లి బ్యాడ్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది (ఇంగ్లిష్ పేరుకు తగ్గ బుద్ధే దీనిది). ఫాస్ఫేట్ ఉన్నంతసేపు 14-3-3 ప్రోటీన్లు దాన్ని కదలనివ్వవు. సీరం పోతే ఫాస్ఫేట్ ఊడుతుంది. బ్యాడ్ వెళ్లి, కాపలా కాస్తున్న బీసీఎల్-ఎక్స్ఎల్‌ను పట్టుకుంటుంది. ఇక చావు ప్రోటీన్లైన బ్యాక్స్, బ్యాక్‌లను ఆపేవాళ్లు తగ్గిపోతారు. అవి మైటోకాండ్రియా పైపొరకు రంధ్రాలు చేస్తాయి, సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటపడుతుంది, కణాన్ని లోపలినుంచి కోసే ఎంజైములు కాస్పేజ్-9, ఆపైన కాస్పేజ్-3 మేలుకుంటాయి.

పరిష్కారం: సీరం వద్దనుకుంటే ఇన్సులిన్ గానీ ఐజీఎఫ్-1 (ఇన్సులిన్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్) గానీ ఇచ్చి చూడండి. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను విడదీసి గుర్తుపట్టే పరీక్ష) సెరీన్ 473 అనే చోటు దగ్గర ఫాస్ఫేట్ ఉన్న ఏకేటీని, మొత్తం ఏకేటీని పక్కపక్కనే చూడాలి. ఇన్సులిన్‌తో కోలుకున్న కణాలు పీఐ3-కైనేజ్‌ను ఆపే ఎల్‌వై294002 వేయగానే మళ్లీ చస్తే, మీ అనుమానం చాలావరకు నిజమే.

సమస్య: కాస్పేజ్‌లను ఆపినా కణాలు దక్కడం లేదు

ఇది చాలామంది చేసే పొరపాటు. కాస్పేజ్‌లను ఆపే జడ్-వ్యాడ్ వేస్తే అపోప్టోసిస్ లక్షణాలు తగ్గుతాయి, కణాలు మాత్రం తిరిగి పెరగవు. మైటోకాండ్రియా అప్పటికే చిల్లులు పడిపోయింది కదా! ఇంకా పైకి, ఏకేటీ మెట్టు దగ్గరికే వెళ్లాలి.

సమస్య: సీరం ఉంది, అయినా అడుగుకు అంటుకోని కణాలు చస్తున్నాయి

అంటుకోవడం కూడా ఒక బతుకు సంకేతమే, కణాన్ని అడుగుకు పట్టి ఉంచే ఇంటెగ్రిన్ ప్రోటీన్ల ద్వారా అందుతుంది. అది లేక చనిపోవడాన్ని అనోయికిస్ అంటారు. ప్లేటుకు, కణాలు పట్టుకునే ప్రోటీన్లైన ఫైబ్రోనెక్టిన్ గానీ లామినిన్ గానీ పూయండి. మానవ పిండ మూలకణాలను విడివిడిగా చేసినప్పుడు చస్తుంటే దారి వేరు: మొదటి రోజు 10 మైక్రోమోలార్ వై-27632 (రాక్ అనే ఎంజైమును ఆపే మందు) ఇచ్చి, తర్వాత తీసేయండి.

సమస్య: టీఎన్ఎఫ్ (చావు సంకేతం ఇవ్వగల ప్రోటీన్) పోసినా కణాలు చావడం లేదు

మందు పాడైందని పారేయకండి. టీఎన్ఎఫ్ చావు దారితో పాటు జన్యువులను పనిలోకి దింపే ఎన్ఎఫ్-కప్పా-బీ ప్రోటీన్‌ను కూడా లేపుతుంది, అది కాపాడే ప్రోటీన్లను తయారు చేయిస్తుంది. ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ కలిపితే చాలా కణాలు చస్తాయి. సైక్లోహెక్సిమైడ్ ఒక్కటే వేసిన ప్లేటును కూడా పక్కన పెట్టుకోండి, అదీ కొన్ని కణాలను చంపగలదు.