మొదటి రిటర్నుకు ముందు: ఆదాయపు పన్ను లెక్కను ఒకసారి చేత్తో వేసుకోవడం

హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఆదాయపు పన్ను సంగతి తరచుగా ఫిబ్రవరి జీతంతోనే తెలిసివస్తుంది. సంవత్సరారంభంలో పెట్టుబడులు, అద్దె గురించి మనం చెప్పిన మాటను నమ్మి తక్కువగా పన్ను కోసిన సంస్థ, సంవత్సరాంతంలో రసీదులు అందకపోతే మిగిలినదంతా చివరి రెండు మూడు జీతాల్లో పట్టుకుంటుంది. ఇలా కోసేదే టీడీఎస్. అది మన తరఫున ముందుగా కట్టే సొమ్మే తప్ప తుది పన్ను కాదు. తుది లెక్క తేలేది రిటర్నులో, అంటే ఏడాది ఆదాయం, పన్ను వివరాలతో మనం ఆదాయపు పన్ను శాఖకు సమర్పించే పత్రంలో. ఆ లెక్కను శాఖ వెబ్ పోర్టల్‌కో, మరొకరికో అప్పగించే ముందు ఒక్కసారైనా కాగితం మీద సొంతంగా వేసుకోవాలని నా సలహా.

ముందుగా సంవత్సరం సంగతి చూద్దాం. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయం 2025-26 ఆర్థిక సంవత్సరానిది. దానికి రిటర్ను వేసేది 2026-27 మదింపు సంవత్సరంలో. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చినా, అంతకుముందు సంపాదించిన ఆదాయానికి 1961 నాటి చట్టమే వర్తిస్తుంది. ఇక్కడ చెప్పే అంకెలన్నీ 2025-26 ఆదాయానికి సంబంధించినవి.

పన్ను లెక్కకు కొత్త, పాత అని రెండు విధానాలున్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆ సంవత్సరానికి కొత్త విధానంలో మొదటి 4 లక్షల రూపాయలపై పన్ను లేదు. ఆపైన 8 లక్షల వరకు 5 శాతం, 12 లక్షల వరకు 10, 16 లక్షల వరకు 15, 20 లక్షల వరకు 20, 24 లక్షల వరకు 25, అది దాటితే 30 శాతం. ఈ మెట్లనే శ్లాబులంటారు. ఏ శ్లాబు రేటైనా ఆ శ్లాబులో పడిన సొమ్ముకే వర్తిస్తుంది. జీతం పెరిగి పై శ్లాబులోకి వెళితే మొత్తం ఆదాయం మీద ఎక్కువ రేటు పడుతుందని భయపడేవారిని ఇప్పటికీ చూస్తుంటాను, అది అపోహ. ఇలా తేలిన పన్ను మీద 4 శాతం సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను) కలుస్తుంది.

మరి పన్నెండు లక్షల దాకా పన్నే లేదంటారు కదా? ఆ మాట సగమే నిజం. పన్ను విధించదగిన ఆదాయం 12 లక్షలు మించనివారికి, లెక్కలో తేలిన పన్ను 60,000 రూపాయల వరకు రిబేటు రూపంలో రద్దవుతుంది. జీతగాళ్లకు రసీదులేవీ లేకుండానే జీతంలోంచి తీసివేసే 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది గనుక జీతం 12,75,000 దాకా ఉన్నా పన్ను పడదు. ఆదాయం 12 లక్షలను పది వేలు మాత్రమే దాటితే, ఆ పది వేలను మించి పన్ను పడకుండా ఊరట కూడా ఉంది. కానీ లిస్టెడ్ షేర్లు కొని ఏడాది తిరగకుండా అమ్మి సంపాదించిన లాభంపై పడే 20 శాతం పన్నుకు ఈ రిబేటు వర్తించదు. ఫోన్‌లో ట్రేడింగ్ చేసే కుర్రవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇప్పుడు మియాపూర్‌లో నెలకు 20,000 రూపాయల అద్దె ఇంట్లో ఉండే ఒక ఉద్యోగినిని ఊహించుకుందాం. ఆమె వార్షిక జీతం 15 లక్షలు. ఇది ఆఫర్ లెటర్‌లో కనిపించే సీటీసీ (ఉద్యోగి మీద సంస్థకయ్యే మొత్తం ఖర్చు) కాదు. సంస్థ తన వాటాగా కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ తీసివేశాక మిగిలే మొత్తం. అందులో బేసిక్ (మూల వేతనం) ఏడున్నర లక్షలు, ఇంటి అద్దె భత్యం 3 లక్షలు. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ పోగా 14,25,000 మిగులుతుంది. దానిపై పన్ను పడే మొదటి రెండు మెట్లలో 20,000, 40,000. మిగిలిన 2,25,000 మీద 15 శాతం చొప్పున 33,750. మొత్తం 93,750, సెస్సుతో 97,500.

పాత విధానంలో అద్దె భత్యానికి మినహాయింపు ఉంది గాని, మూడు మొత్తాల్లో ఏది తక్కువైతే అదే దక్కుతుంది: అందిన భత్యం, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసివేయగా మిగిలినది, బేసిక్‌లో నిర్ణీత శాతం. ఈ శాతం ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలకు 50 కాగా, ఇంత మహానగరమైన మన హైదరాబాదుకు 2025-26 లెక్కలో 40 మాత్రమే. గచ్చిబౌలి అద్దెలు కట్టేవారికి ఇది మింగుడుపడదు. మన ఉదాహరణలో అన్నిటికన్నా తక్కువది 2,40,000లోంచి 75,000 తీసివేయగా వచ్చే 1,65,000. దానికి స్టాండర్డ్ డిడక్షన్ 50,000, తెలంగాణ వృత్తి పన్ను నెలకు 200 చొప్పున 2,400, పీఎఫ్, ఎల్‌ఐసీ కలిపి పొదుపులకు మినహాయింపునిచ్చే 80సి సెక్షన్ కింద లక్షన్నర, ఆరోగ్య బీమాకు 25,000 చేర్చి తీసివేసినా 11,07,600 మిగులుతుంది. పాత రేట్ల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను సుమారు 1,50,570. ఇన్ని రసీదులు పోగుచేసినా ఆమెకు కొత్త విధానమే 53,000 రూపాయలకు పైగా మేలు. గృహరుణం మీద పెద్ద వడ్డీ ఉన్నవారికి ఫలితం మారవచ్చు, అందుకే రెండు లెక్కలూ వేసి చూడాలి. సంస్థకు ఏ విధానం చెప్పినా జీతగాళ్లు రిటర్నులో మార్చుకోవచ్చు. అయితే గడువు దాటితే పాత విధానం ఎంచుకునే వీలుండదు.

కన్నవారి ఇంట్లోనే ఉంటూ నాన్నగారికి అద్దె కట్టడం తప్పు కాదు. ఆ సొమ్ము నిజంగా బ్యాంకు ద్వారా వెళ్లాలి, ఆయన దాన్ని తన ఆదాయంగా చూపాలి. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ కూడా ఇవ్వాలి.

లెక్క తేలాక కాగితాలతో సరిచూడాలి. సంస్థ ఇచ్చే ఫారం 16లో జీతం, కోత ఉంటాయి. పోర్టల్‌లోని 26ఏఎస్ అనే పన్ను జమల పట్టికలో ఆ కోత మన పాన్‌కు జమ అయిందో లేదో తెలుస్తుంది. ఏఐఎస్‌లో (వార్షిక సమాచార నివేదికలో) బ్యాంకు వడ్డీ, డివిడెండు, షేర్ల అమ్మకాలు కనిపిస్తాయి. నేను మొదటి ఏడాది ఫారం 16 ఒక్కటే చూసి, ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ మరచిపోయి రిటర్ను వేశాను. తరువాత సవరించిన రిటర్ను వేసి, వడ్డీతో సహా పన్ను కట్టవలసివచ్చింది. డిపాజిట్ మీద బ్యాంకు 10 శాతం కోసినంత మాత్రాన పని తీరదు. మన శ్లాబు 20 అయితే తక్కినది మనమే కట్టాలి.

జీతం, ఇల్లు, వడ్డీ మాత్రమే ఉండి ఆదాయం 50 లక్షలు మించని నివాసులకు సాధారణంగా ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం సరిపోతుంది; స్వల్పకాలిక షేర్ల లాభం ఉంటే అది చెల్లదు. బషీర్‌బాగ్ ఆయకర్ భవన్‌కు వెళ్లనక్కరలేదు, పని అంతా పోర్టల్‌లోనే. మామూలు గడువు జూలై 31. దాటితే 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000 రూపాయల వరకు ఆలస్య రుసుము ఉంటుంది. లేని అద్దె, లేని బీమా చూపించి వాపసు ఇప్పిస్తామనేవారిని దగ్గరికి రానివ్వవద్దు. రేపు నోటీసు వచ్చేది మీ పాన్ మీద, వారి పేరు మీద కాదు.

రిటర్ను పంపిన 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి, లేదంటే వేసినట్టు లెక్కలోకి రాదు. వాపసు రావలసినవారు బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందే ధ్రువీకరించుకోవాలి. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బ్యాంకులో ఒక్క పొడి అక్షరమే ఉంటే ఆ ధ్రువీకరణ ఆగిపోవచ్చు. మన పేర్లకు ఈ చిక్కు మామూలే కాబట్టి, జూన్‌లోనే రెండు చోట్లా పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి.