టెక్నో పాఠాలు - 4: డ్రమ్ మెషీన్‌ని చేత్తో వాయించడం

గత పాఠంలో కిక్‌ని, అంటే అడుగున పడే 'ధమ్' దెబ్బని, సరిచేసుకున్నాం. ఈసారి డ్రమ్ మెషీన్ (డ్రమ్ శబ్దాలను వరుసగా మోగించే యంత్రం) మొత్తాన్నీ ఒక వాయిద్యంలా పట్టుకుందాం. ఈ విద్యకు టెక్నో డీజే జెఫ్ మిల్స్‌ని మించిన గురువు మాకు కనబడలేదు.

1980లలో డెట్రాయిట్ రేడియోలో ఆయన 'ది విజార్డ్'. పాటలోంచి పనికొచ్చే ముక్క వినిపించి, మరుక్షణం ఇంకో రికార్డుకి వెళ్లిపోయేవారు. తర్వాత మైక్ బ్యాంక్స్‌తో కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే బృందం, 1992లో యాక్సిస్ అనే రికార్డు లేబుల్. డీజేగా పడిన అలవాటు స్టూడియోలోనూ వినబడుతుంది: చిన్న లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క) తీసుకుని, కొత్త శబ్దాలు కుమ్మరించకుండా ఉన్నవాటినే కదిలించడం. టర్న్‌టేబుళ్ల పక్కన రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్ పెట్టుకుని జనం ముందే వాయిస్తారు కూడా.

909 వచ్చింది 1983లో. కిక్, స్నేర్, టామ్‌లు, క్లాప్ (చప్పట్లు) అనలాగ్, అంటే సర్క్యూట్‌లోనే పుట్టే శబ్దాలు. హ్యాట్లు (జత తాళాల్లాంటి హై-హ్యాట్), సింబల్స్ మాత్రం 6 బిట్ శాంపిల్స్, అంటే తక్కువ నాణ్యతలో రికార్డు చేసి పెట్టిన శబ్దాలు. హ్యాట్‌లో ఆ గరుకుదనం అక్కడిదే. అసలు మెషీన్ లేకపోతే దాని శాంపిల్స్ చాలు.

టెంపో నిమిషానికి 132 బీట్లు పెట్టండి. ఒక బార్‌ని 16 సమాన స్టెప్పులుగా చూస్తే, 1, 5, 9, 13 మీద కిక్. 3, 7, 11, 15 మీద ఓపెన్ హ్యాట్ (సాగే మోత). సరి స్టెప్పుల్లో (2, 4, 6...) క్లోజ్డ్ హ్యాట్ (పొట్టి మోత). 5, 13 మీద క్లాప్.

చాలామంది తడబడేది ఇక్కడే. 909లో ఓపెన్, క్లోజ్డ్ హ్యాట్లు రెండూ ఒకేసారి మోగవు. 4వ స్టెప్పులో క్లోజ్డ్ పడగానే 3లో మొదలైన ఓపెన్ తెగిపోతుంది. ఈ టెంపోలో ఒక స్టెప్పు సుమారు 114 మిల్లీసెకన్లు, ఓపెన్ హ్యాట్‌కి దక్కే ఆయుష్షు అంతే. సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండింటినీ ఒకే చోక్ గ్రూప్‌లో (ఒకటి మోగితే రెండోది ఆగే జత) పెట్టకపోతే ఒకదాని మీద ఒకటి మోగి, పైన అంతా 'స్‌స్‌' అనే పొర కమ్ముకుంటుంది. అప్పుడు ఈక్వలైజర్ తిప్పి లాభం లేదు, తప్పు అక్కడ లేదు. ఇప్పుడు 4, 12లలో క్లోజ్డ్ హ్యాట్ తీసేసి వినండి. ఓపెన్ హ్యాట్ రెండుచోట్ల సాగి, లూప్ ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది.

క్లోజ్డ్ హ్యాట్ వెలాసిటీ (దెబ్బ బలం, గరిష్ఠం 127) 80 దగ్గర ఉంచి, 8, 14లను మాత్రం 110కి పెంచండి. అన్నీ 127లో ఉంటే నడక చచ్చిపోతుంది.

ఇక రికార్డింగ్. అసలు 909లో మ్యూట్ బటన్లు లేవు, లెవెల్ నాబ్‌లే తిప్పాలి. మీరూ మౌస్‌తో గీతలు గీయకుండా నాబ్‌లున్న కంట్రోలర్ వాడండి. ప్రతి 16 బార్లకి, అంటే సుమారు 29 సెకన్లకి, ఒక్కటే మార్చండి: హ్యాట్ డికే (మోత ఎంతసేపు సాగాలో), క్లాప్ లెవెల్, లేదా కిక్‌ని 1 బార్ పాటు దించి మళ్లీ 1వ స్టెప్పు మీద ఎత్తడం. కిక్ అర స్టెప్పు ఆలస్యంగా వచ్చినా కాలు తప్పుతుంది, కాబట్టి ముందు దాన్నే ఇరవైసార్లు సాధన చేయండి.

ఆపకుండా 10 నిమిషాలు రికార్డు చేసి, మర్నాడు విని, బాగున్న 4 నిమిషాలు కత్తిరించి పెట్టుకోండి. 5వ పాఠంలో దాని కింద బాస్ వేస్తాం.