పిక్కల కుప్పలను తక్కువ కూలితో కలపడం ఎలా?

పలాసలో జీడి పిక్కల బేరం బస్తాల్లోనే సాగుతుంది. బస్తా అంటే 80 కిలోలు. కల్లంలో 20, 25, 30, 35, 40 బస్తాల కుప్పలు అయిదు ఉన్నాయనుకుందాం. అన్నీ ఒకే కుప్ప కావాలి. ఒక విడతకు రెండు కుప్పలే కలపాలి. ఆ రెండిట్లో ఎన్ని బస్తాలుంటే అన్నిటికీ బస్తాకు 10 రూపాయల కూలి. ఖర్చు బాగా తగ్గాలంటే ఏ వరసలో కలపాలి?

ముందు అన్నిట్లోకీ చిన్నవి రెండు తీయండి. 20, 25 కలిస్తే 45, కూలి 450.

ఇప్పుడు ఆ 45ని పక్కన పెట్టేయకుండా మిగతా వాటిలో చేర్చి మళ్లీ చూడండి: 30, 35, 40, 45. చాలామంది తప్పేది ఇక్కడే. కొత్త కుప్పకే 30ని, ఆ వచ్చిన దానికి 35ని కలుపుకుంటూ పోతారు. అలా చేస్తే మొత్తం 3,800 అవుతుంది. చిన్నవి ఇప్పుడు 30, 35. వాటిని కలిపితే 65, కూలి 650. తర్వాత 40, 45 కలిపితే 85, కూలి 850. చివరగా 65, 85 కలిస్తే 150, కూలి 1,500.

మొత్తం 3,450. పెద్ద కుప్పలతో మొదలెట్టి వాటికే మిగతావి కలుపుతూ పోతే 4,600 అయ్యేది.

ఎందుకిలా? ముందు కలిసిన బస్తాలకు తర్వాతి విడతల్లోనూ కూలి పడుతూనే ఉంటుంది. 20, 25 కుప్పల బస్తాలకు మూడేసి సార్లు, మిగతావాటికి రెండేసి సార్లు పడింది. ఎక్కువసార్లు కూలి పడే చోట పెద్ద కుప్ప ఉంటే, దాన్ని చిన్నదానితో మార్చి చూడండి, ఖర్చు తగ్గుతుంది. ఇలా ప్రతి విడతలో అప్పటికి మేలనిపించినదాన్నే ఎంచుకుంటూ పోవడాన్ని గ్రీడీ పద్ధతి అంటారు. అది రాసేటప్పుడు ఈ మార్పిడి పరీక్ష లాంటి రుజువు ఏదో ఒకటి ఉండాలి; అది లేనిదే జవాబును నమ్మకూడదు.

ఎంఐటీ విద్యార్థి డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రచురించిన, డేటాను తక్కువ బిట్లలో రాసే కోడింగ్ పద్ధతి నడిచేది ఈ వరసలోనే. జిప్ ఫైళ్లు చిన్నవవడంలో దాని సాయమూ ఉంది. ప్రోగ్రాం రాస్తే ప్రతిసారీ జాబితా సర్దక్కర్లేదు. పైథాన్‌లో అన్నిట్లోకీ చిన్నదాన్ని ఎప్పుడూ ముందుంచే హీప్‌క్యూ (heapq) మాడ్యూల్ వాడితే చిన్నవి రెండూ వెంటనే చేతికొస్తాయి.

కుప్పలు వరసగా ఉండి, పక్కపక్కవే కలపాలనే షరతు పెడితే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. 6, 4, 4, 6 తీసుకోండి. ముందు నడిమి నాలుగులు కలిపితే 80, 140, 200 చొప్పున 420 అవుతుంది. అటు 6, 4, ఇటు 4, 6 కలిపి, ఆ రెండూ కలిపితే 400కే తేలిపోతుంది. అక్కడ డైనమిక్ ప్రోగ్రామింగ్ వాడాలి, అంటే చిన్న చిన్న వరసలకు తక్కువ ఖర్చు ముందే లెక్కగట్టి దాచుకుని, వాటితో పెద్ద వరసల ఖర్చు తేల్చాలి.