సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థి కాలేజీని ఎంచుకోవడం ఎలా?

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో పదో తరగతి ఫలితాలు రాగానే చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: పిల్లల్ని బరంపురంలో చేర్పించాలా, విశాఖపట్నం పంపించాలా? ఆ తరువాత ఫీజు, హాస్టల్, ఎదురింటివాళ్ల అబ్బాయి ఎక్కడ చేరాడన్న సంగతి వస్తాయి. వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది స్థానికత. సీటు, ఉపకారవేతనం, రిజర్వేషను చాలావరకు విద్యార్థి ఏ రాష్ట్రంలో చదివాడు, తల్లిదండ్రులు ఎక్కడ నివసించారు అన్నవాటి మీదనే ఆధారపడి ఉంటాయి కనుక, ఈ లెక్క ప్లస్ టు (ఇంటర్) అయ్యాక వేసుకుంటే ఆలస్యమైపోతుంది.

మొదటి పని: స్థానికత లెక్క వేసుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ వంటి కోర్సుల కన్వీనర్ సీట్లలో (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపేవి) 85 శాతం ఆ ప్రాంతపు స్థానిక అభ్యర్థులకు, మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు కోటాకు పోతాయి. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలం. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు, అక్కడ చదివినవారిని సాధారణంగా స్థానికులుగా లెక్కిస్తారు. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. పదో తరగతి వరకు పర్లాకిమిడిలో చదివి, ఇంటర్ కోసం మాత్రమే విశాఖ వెళ్లిన విద్యార్థికి రెండేళ్లే వస్తాయి గనుక అతడు స్థానికుడు కాలేడు. ఆ 15 శాతంలో పోటీ పడాలన్నా, తల్లిదండ్రులలో ఒకరు ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండటం వంటి షరతులు ఉంటాయి. రెండేళ్లకు లక్షలు ఖర్చుపెట్టి, చివరికి కౌన్సెలింగ్ రోజున ఈ సంగతి తెలుసుకున్న కుటుంబాలను నేను చూశాను.

రిజర్వేషను విషయమూ అంతే. ఒడిశా తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువీకరణ పత్రం ఆంధ్ర రాష్ట్ర కోటాలో సాధారణంగా పనికిరాదు. కేంద్ర సంస్థలకు కేంద్ర జాబితా ప్రకారం తీసుకున్న ఓబీసీ పత్రం వేరుగా కావాలి. ఒడిశా ఎస్‌ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల) జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలోనూ ఉందో లేదో ముందే చూసుకోవాలి. నివాస, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలను వేసవి మొదట్లోనే తీసి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఫలితాలు వచ్చిన వారంలో తహసీల్ కార్యాలయం దగ్గర ఉండే రద్దీ అందరికీ తెలిసిందే.

రెండో పని: భాషల సంగతి చూసుకోండి

ఒడిశా ప్లస్ టులో ఎంఐఎల్ (ఆధునిక భారతీయ భాష) కింద తెలుగు తీసుకునే వీలుంది. అయితే మీరు అనుకుంటున్న కాలేజీలో తెలుగు చెప్పే లెక్చరర్ నిజంగా ఉన్నారా అని అడిగి తెలుసుకోవాలి. కాగితం మీద సబ్జెక్టు ఉండి, చెప్పేవారు లేకపోతే పరీక్షకు ఒంటరిగా తయారు కావలసి వస్తుంది. మరోవైపు, ఒడిశా ప్రభుత్వోద్యోగాలకు కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా వచ్చినట్టు రుజువు కావాలి. స్టేట్ బ్యాంకు క్లర్కు ఉద్యోగాలలో, దరఖాస్తు చేసిన రాష్ట్రపు భాషను పదో తరగతిలోనో ప్లస్ టులోనో చదివినట్టు మార్కుల జాబితా చూపితే భాషా పరీక్ష నుంచి మినహాయింపు ఇస్తారు. కనుక పదిలో ఒడియా, ప్లస్ టులో తెలుగు ఉన్న విద్యార్థికి రెండు రాష్ట్రాల తలుపులూ తెరిచే ఉంటాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మన పిల్లలకు ఇది అదనపు శ్రమ కూడా కాదు. మార్కుల జాబితాలో కనిపించేలా చూసుకుంటే చాలు.

మూడో పని: గుర్తింపు సరిచూసుకుని, స్వయంగా వెళ్లి చూడండి

మన ప్రాంతంలో మంచి సంస్థలకు కొదవ లేదు. పర్లాకిమిడి కృష్ణచంద్ర గజపతి కళాశాల 1896 నాటిది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరది. వి.వి.గిరి చదివిన ఖల్లికోట కళాశాల, ఇప్పుడు విశ్వవిద్యాలయం, బరంపురంలో ఉంది. బరంపురం విశ్వవిద్యాలయం 1967లో, కోరాపుట్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2009లో, బరంపురం ఐసర్ (కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) 2016లో మొదలయ్యాయి. కానీ పాత పేరు చూసి చేరడం, తాతగారి ఆస్తి చూసి మనవడికి అప్పిచ్చినట్టే. మీరు చేరబోయే విభాగంలో ఈ సంవత్సరం ఎంతమంది శాశ్వత అధ్యాపకులు ఉన్నారు, ఎంతమంది గెస్టు లెక్చరర్లు ఉన్నారు అన్నదే అసలు ప్రశ్న.

ఇంజనీరింగ్‌కు ఏఐసీటీఈ, బీఎడ్‌కు ఎన్‌సీటీఈ, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, నర్సింగ్‌కు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉండాలి. అనుమతి కాలేజీకే కాక మీరు చేరే కోర్సుకు కూడా ఉండాలి.

కాలేజీని చూడటానికి ఏజెంటు పిలిచిన రోజున కాకుండా, మామూలు పనిదినాన పదకొండు గంటల వేళ వెళ్లండి. ఆ సమయంలో తరగతులు జరుగుతున్నాయా, లైబ్రరీ పుస్తకాల వెనుక అంటించిన చీటీలో చివరి తేదీ ఎప్పటిది, ల్యాబ్ తలుపు తీసి ఉందా అని గమనించండి. తరువాత గేటు బయటి టీ బడ్డీ దగ్గర రెండో సంవత్సరం విద్యార్థులను పలకరించి, సెమిస్టరు ఫలితాలు ఎన్ని నెలలకు వస్తున్నాయో, హాస్టల్లో ఎండాకాలం నీళ్లు వస్తాయో లేదో అడగండి. ఆడపిల్లలను పంపేవారు హాస్టల్ సీటు చేతికి వచ్చాకనే ఫీజు కట్టడం మేలు. కళాశాల రంగుల పుస్తకంలో లేని సమాధానాలన్నీ ఆ టీ బడ్డీ దగ్గర దొరుకుతాయి.

నాలుగో పని: దరఖాస్తులో తొందరపడకండి

ఒడిశాలో ప్లస్ టు, ప్లస్ త్రీ (డిగ్రీ) ప్రవేశాలు సామ్స్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. ఆప్షన్లు పెట్టేటప్పుడు గత సంవత్సరపు కటాఫ్ చూసి భయపడి, అందే కాలేజీని పైన పెట్టడం చాలామంది చేసే తప్పు. నిజంగా కోరుకున్నదాన్ని మొదట, తప్పక వస్తుందనుకున్నదాన్ని చివర పెట్టాలి. మొదటి విడతలో కింది ఆప్షను వచ్చినా స్లైడప్ (తరువాతి విడతలో పై ఆప్షనుకు మారడం) కోరుకునే అవకాశం ఉంటుంది. ఆంధ్రలో చేరేవారికి టీసీతో పాటు సీహెచ్ఎస్ఈ (ఒడిశా ప్లస్ టు బోర్డు) మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఉంచేసుకుంటామంటే ఒప్పుకోవద్దు. సరిచూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టంగా ప్రకటించింది. అదే ప్రకటన ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు సీటు వదులుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ రుసుము పోను ఫీజు పూర్తిగా, ఆ తేదీ దాటిన 15 రోజుల లోపు అయితే 80 శాతం, 30 రోజుల లోపు అయితే 50 శాతం తిరిగి రావాలి. అందుకే ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోవాలి. రసీదు ఇవ్వని డొనేషను ఎప్పటికీ తిరిగి రాదు.

చేరిన తరువాత

మొదటి సెమిస్టరే అన్నిటికంటే జారుడు మెట్టు. పాఠం సగం ఒడియాలో, సగం ఇంగ్లీషులో సాగే తరగతిలో మొహమాటపడి వెనుక బెంచీలో కూర్చుంటే, రెండు నెలల్లో బ్యాక్ పేపరు (తప్పి మళ్లీ రాయవలసిన పేపరు) ఖాయమవుతుంది. ముందు వరుసలో కూర్చుని, అర్థం కానిదాన్ని అదే రోజు సాయంత్రం అధ్యాపకుడినే అడగడం అలవాటు చేసుకోవాలి. అడిగే విద్యార్థులు తక్కువగా ఉండే కాలేజీలలో, అడిగినవారిని అధ్యాపకులు పేరుతో గుర్తుపెట్టుకుంటారు. తరువాత సిఫారసు ఉత్తరం కావలసినప్పుడు ఆ గుర్తే అక్కరకు వస్తుంది.

చెప్పేవారు లేని సబ్జెక్టుకు ఎన్‌పీటీఎల్, స్వయం అనే ప్రభుత్వ వేదికల ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌పీటీఎల్ సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే ఫీజు కట్టాలి. సెమిస్టరుకు ఒక కోర్సు చాలు. నాలుగింటికి పేరు ఇచ్చి ఒక్కటీ పూర్తి చేయనివారే ఎక్కువ.

ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) చేరితే రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. ఆ శిబిరాలు ఊళ్లలో జరుగుతాయి గనుక, సవర, కువి గిరిజన భాషలు మాట్లాడే పల్లెలున్న మన జిల్లాలలో సోషల్ వర్క్, నర్సింగ్, బీఎడ్ చదివేవారికి తరగతి గదిలో దొరకని అనుభవం అక్కడ దొరుకుతుంది. శిబిరంలో చూసినదాన్ని రోజూ ఒక పేజీ తెలుగులోనైనా రాసి పెట్టుకుంటే, చివరి సంవత్సరం ప్రాజెక్టుకు విషయం కోసం ఇంటర్నెట్టులో వెతుక్కోవలసిన పని ఉండదు.