రోజువారీ వినికిడి, 4వ పాఠం: ఇయర్‌బడ్సా, హెడ్‌ఫోన్సా?

పోయిన పాఠంలో ఒక్క పాటనే రెండింటిలో విని తేడా రాసుకోమన్నాను. చాలామంది రాసుకున్నది ఒకటే మాట: ‘ఇయర్‌బడ్స్‌లో బేస్ (డోలులాంటి లోతైన మోత) లేదు, హెడ్‌ఫోన్సే మేలు’. కొందరు అప్పుడే కొనేశారట కూడా. ఇవాళ అసలు వేరే పాఠం చెప్పాలనుకున్నాను. అది వచ్చేసారికి. ముందు ఈ తీర్పు సంగతి తేల్చుకుందాం.

మొదట టిప్స్ చూడండి, అంటే చెవిలోకి వెళ్లే మెత్తటి తొడుగులు. డబ్బాలో మూడు సైజులు ఇస్తే, ఇయర్‌బడ్స్‌కు ముందే తొడిగి ఉన్న మధ్య సైజుతోనే అందరూ వినేస్తారు. పాట నడుస్తుండగా ఇయర్‌బడ్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే అక్కడ గాలి లీకవుతోందన్నమాట. సైజు మార్చండి. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకోటి పట్టడం మామూలే. హెడ్‌ఫోన్స్‌కూ ఇదే జబ్బుంది: కళ్లజోడు కాడ కుషన్‌ను కాస్త ఎత్తిపెడితే చాలు, బేస్ జారిపోతుంది. టిప్సే లేకుండా చెవి అంచున కూర్చునే రకానికి మాత్రం మార్చడానికి సైజులే ఉండవు, దాని తీరే అంత.

ఇక నాకు ఒళ్లు మండే విషయం: వాల్యూమ్. ‘రెండూ 60 శాతంలోనే పెట్టి విన్నానండీ’ అంటారు. ఆ 60 ఫోన్ పంపే మోత లెక్క, మీ చెవికి చేరే మోత లెక్క కాదు. ఒకే సిగ్నల్‌కు ఒక్కో పరికరం ఒక్కోలా మోగుతుంది. పైగా మన చెవికి ఒక పక్షపాతం ఉంది. శబ్దం తగ్గే కొద్దీ బేస్ మిగతా స్వరాలకంటే త్వరగా వినపడకుండా పోతుంది. ఫ్లెచర్, మన్‌సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. అందుకే కాస్త గట్టిగా మోగేది ఏదైనా సరే, బేస్ నిండుగా ఉన్నట్టు, గొంతు స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. మీరు పోల్చింది పరికరాలను కాదు, రెండు వాల్యూమ్‌లను. ఒకే ఇయర్‌బడ్స్‌ను ఒకసారి మామూలుగా, ఇంకోసారి రెండు మెట్లు పెంచి వినండి. రెండోసారి ‘కొత్తది కొన్నట్టుంది’ అనకపోతే అడగండి.

మరి సమం చేయడం ఎలా? ఫోన్‌లో మోతను కొలిచే డెసిబెల్ యాప్ తెరిచి మైకు దగ్గర ఇయర్‌బడ్ పెట్టకండి. మూసుకున్న చెవిలో మోగే తీరు వేరు, బయట మైకు పట్టే తీరు వేరు. పాటతోనూ వద్దు. ఒక మనిషి మాట్లాడుతున్న రికార్డింగ్ పెట్టండి. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నంత మోత వచ్చేదాకా సర్దండి. మనిషి గొంతు ఎంత మోత ఉండాలో చెవికి బాగా తెలుసు. అలా రెండింటికీ కుదిరిన అంకెలు రాసుకోండి. ఒకటి తీసి ఇంకోటి పెట్టడానికి ఎక్కువసేపు తీసుకోవద్దు, చెవి గుర్తు పెట్టుకునేది కొద్ది క్షణాలే.

ఇలా సమం చేసి వింటే ధ్వనిలో తేడా మీరనుకున్నంత ఉండదు. అప్పుడు ఎంపిక వేరే చోటికి జరుగుతుంది. నడుస్తూ వినేవాళ్లకు చెవిని గట్టిగా మూసే ఇయర్‌బడ్స్‌లో అడుగు వేసినప్పుడల్లా తలలో దబ్‌మంటుంది. నేనైతే నడకకు చెవి మూయని రకమే వాడతాను, వెనక బండి వస్తే వినపడాలి కదా. గంటల తరబడి కుర్చీలో కూర్చునే పనికి చెవిని పూర్తిగా కప్పే వైరు హెడ్‌ఫోన్స్, చార్జింగ్ గొడవ ఉండదు. చెవులకు చెమట పడితే మాత్రం ఆ సలహా మర్చిపోండి. బయటి మోతను అణిచే నాయిస్ క్యాన్సిలేషన్ అనే సదుపాయం ఇంజిన్ రొదలాంటి ఏకధాటి మోతను బాగా తగ్గిస్తుంది, పక్కవాళ్ల కబుర్లను అంతగా ఆపలేదు. రొద తగ్గితే వాల్యూమ్ పెంచాల్సిన పనీ తగ్గుతుంది. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 86కి వెళ్తే మిగిలేది 10 గంటలే.

మీటింగ్ మొదలవగానే బ్లూటూత్‌లో పాట పాత టెలిఫోన్‌లా వినిపిస్తోందా? పరికరం చెడిపోలేదు. దాని మైకు ఆన్ కాగానే బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి దిగింది. సెట్టింగ్స్‌లో ల్యాప్‌టాప్ మైకును ఎంచుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

అభ్యాసం: పైన చెప్పిన గొంతు పరీక్ష పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, మూడు రోజులు చేయండి. పాత అంకెలు చూడకుండా ప్రతిసారీ వాల్యూమ్‌ను సున్నా నుంచి పెంచుకుంటూ రండి. ఒకే పరికరానికి వచ్చిన ఆరు అంకెల మధ్య తేడా రెండు మెట్లు దాటితే ఇంకో మూడు రోజులు చేయాల్సిందే. కుదిరాక పోయిన పాఠంలోని పాటే మళ్లీ విని, పాత తీర్పు పక్కన కొత్తది రాయండి. ఆ కాగితం పారేయకండి, 5వ పాఠంలో ఈక్వలైజర్ (బేస్ లాంటివాటిని విడివిడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) ముట్టుకునే ముందు అడుగుతాను.