మోటారు సైకిలుకు దారి చూపే పరికరం – 3వ పాఠం: ఎంపిక, అమరిక, దారి గీసుకోవడం

ఉపగ్రహ సంకేతాల ఆధారంగా మన స్థానం ఎలా తేలుతుందో గత రెండు పాఠాలలో చూశాము. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న జీపీఎస్ ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు ఒకేసారి అందాలని, కాలగణనలో ఒక్క మైక్రోసెకను (సెకనులో పది లక్షవ వంతు) తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుందని గుర్తుంటే ఈ పాఠానికి సరిపోతుంది. ఇప్పుడు పరికరాన్ని ఎంచుకుని, బండికి బిగించి, దారిని గీసుకునే పని మొదలుపెడదాము.

ముందుగా ఒక చిన్న లెక్క వేయండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. తెర మీద మలుపు ఎటో వెతుక్కోవడానికి రెండు సెకన్లు పడితే, 33 మీటర్ల రోడ్డును మీరు చూడకుండానే దాటేసినట్టు. కారు నడిపేవారికి కూడా ఇది ప్రమాదమే; కానీ రెండు చక్రాల మీద ఉన్నవారికి ఆ 33 మీటర్లలో కాస్త ఇసుకో, చిన్న గుంతో ఎదురైనా పడిపోవడానికి చాలు. అందుచేత పరికరం కొనేటప్పుడైనా, బిగించేటప్పుడైనా, వాడేటప్పుడైనా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది నా కళ్ళను రోడ్డు మీద ఉండనిస్తుందా, లేదా?

చేతిలో ఫోను ఉండగా వేరే పరికరం ఎందుకన్న సందేహం న్యాయమైనదే. ఎప్పుడో ఒకసారి, ఎండా వానా లేని వేళ, తెలిసిన ఊళ్ళ మధ్య తిరిగేవారికి ఫోను చాలు. దూర ప్రయాణాలలో మాత్రం దాని బలహీనతలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఎర్రటి ఎండలో ఛార్జింగు పెట్టి తెర వెలుగు పూర్తిగా పెంచితే ఫోను వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించుకుంటుంది. వానలో ఇంకా ఇబ్బంది. ఒకసారి నా ఫోను తెర మీద పడ్డ చినుకులను అది వేలి స్పర్శగా తీసుకుని, పటాన్ని తనంతట తానే జరిపి, పెంచి, చివరకు గమ్యాన్నే రద్దు చేసింది. నాకు ఆ సంగతి రెండు కూడళ్ళు దాటాక గానీ తెలియలేదు. ఇంజను ప్రకంపనల మాట కూడా మరువరాదు. శక్తిమంతమైన మోటారు సైకిళ్ళ ప్రకంపనలకు ఎక్కువసేపు గురైతే ఐఫోన్ కెమెరాలోని స్థిరీకరణ వ్యవస్థ దెబ్బతినవచ్చునని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది.

గార్మిన్ జూమో, టామ్‌టామ్ రైడర్ వంటివి మోటారు సైకిళ్ళ కోసమే తయారైన పరికరాలు. వీటిని ఎంచుకునేటప్పుడు తెర ఎంత పెద్దదన్నది చివరగా చూడండి. గ్లౌజులు తొడుక్కున్న వేలికి తెర స్పందిస్తున్నదా, మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్షరాలు చదవగలుగుతున్నామా అన్నవి అంగట్లో దీపాల కింద తేలవు; పరికరాన్ని వీధిలోకి తెచ్చి, మీ సొంత గ్లౌజులతోనే పరీక్షించండి. నీటి రక్షణకు ఐపీఎక్స్7 అన్న గుర్తు ఉంటే, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా లోపలికి నీరు చేరదని అర్థం. పటాలు పరికరంలోనే నిల్వ ఉండాలి, ఎందుకంటే ఉపగ్రహ సంకేతం కొండల్లోనూ అందుతుంది గానీ ఇంటర్నెట్టు అందదు. హెల్మెట్టులోని బ్లూటూత్ స్పీకరుకు మాట పంపే సౌకర్యం లేని పరికరాన్ని నేనైతే ఎవరికీ సిఫారసు చేయను. మలుపును చెవితో విని, తెరను కేవలం నిర్ధారణ కోసం ఒక్క చూపు చూడడమే సరైన పద్ధతి.

బిగించే చోటు విషయంలో తొందరపడకండి. యాక్సిలరేటరు మీదున్న కుడి చేతిని తీయలేము కనుక, ఎడమ చేతికి అందేలా, వేగం చూపే మీటరును మూయకుండా, దృష్టి రోడ్డు నుండి వీలైనంత తక్కువ కిందికి దిగేలా పరికరం ఉండాలి. బిగించాక హ్యాండిలును ఎడమకూ కుడికీ చివరి వరకు తిప్పి చూడండి; తీగ ఎక్కడా లాగుకోకూడదు, ట్యాంకుకు రాసుకోకూడదు.

విద్యుత్తును బ్యాటరీ నుండి నేరుగా తీసుకుంటే, బండి ఆపి ఉన్నప్పుడు కూడా పరికరపు స్టాండు కొద్దికొద్దిగా కరెంటును పీలుస్తూ, కొన్ని వారాలు కదలని బండి బ్యాటరీని దించేస్తుంది. తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే తీగకు కలపడం మేలు. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. తీగ పైపొర అరిగి, బండి లోహపు చట్రమైన ఛాసిస్‌కు తగిలితే, ఆ చోటికీ బ్యాటరీకీ మధ్య ఫ్యూజు ఉంటేనే అది కాలి తీగను మంట నుండి కాపాడుతుంది.

ఇక దారి గీసుకోవడం. ఇక్కడ రూటు, ట్రాకు అనే రెండు మాటల తేడా స్పష్టంగా తెలియాలి. ట్రాకు అంటే వరుస బిందువులతో పటం మీద గీసిన గీత. ఏ పరికరంలో తెరిచినా దాని ఆకారం మారదు. రూటు అంటే కొన్ని ముఖ్య బిందువులు మాత్రమే. వాటి మధ్య దారిని పరికరం తన పటంతో, తన అమరికలతో తానే లెక్కిస్తుంది. అందుకే మిత్రుడు పంపిన రూటు మీ పరికరంలో వేరే రోడ్డు మీదుగా పోవచ్చు. మీకు కావలసిన రోడ్డు మధ్యలో ఒక్కొక్క బిందువు పెడితే ఆ తేడా పోతుంది. ఆ బిందువును కూడలిలో గానీ, మధ్యలో డివైడరు ఉన్న రహదారి అవతలి వైపు గానీ పెట్టారంటే, పరికరం మిమ్మల్ని అక్కడికి చేర్చడానికి వెనక్కి తిరగమని పదే పదే చెబుతుంది. పటాన్ని బాగా పెంచి, మీరు వెళ్ళే వైపునే బిందువు పడిందని చూసుకోండి.

అక్షాంశ రేఖాంశాలు చేత్తో ఎక్కించేటప్పుడు మరొక పొరపాటు జరుగుతుంది. 12.5 డిగ్రీలంటే 12 డిగ్రీల 30 నిమిషాలు. దానిని 12 డిగ్రీల 50 నిమిషాలుగా ఎక్కిస్తే అక్షాంశంలో 20 నిమిషాల తేడా, అంటే నేల మీద దాదాపు 37 కిలోమీటర్లు. ఏ పద్ధతిలో అంకెలు అడుగుతున్నదో ముందు అమరికలలో చూడండి.

అభ్యాసం: మీకు బాగా తెలిసిన, 30 కిలోమీటర్లకు మించని దారిని రూటుగా గీసి పరికరంలోకి ఎక్కించండి. బయలుదేరే ముందు ఆరుబయట ఆకాశం కనిపించే చోట కొన్ని నిమిషాలు ఆగి స్థానం కుదరనివ్వండి. బండి నిలిచి ఉండగా తెర మీది బాణం దిక్కు తప్పుగా చూపినా కంగారు పడకండి. చాలా పరికరాలు దిశను కదలికను బట్టే గ్రహిస్తాయి కనుక పది ఇరవై మీటర్లు సాగితే అది సర్దుకుంటుంది. దారిలో కావాలనే ఒక మలుపు తప్పండి. పరికరం ఎంతసేపటికి కొత్త దారి చెప్పిందో, మీ రూటులోకి తిరిగి తెచ్చిందో లేక నేరుగా గమ్యానికే తీసుకుపోయిందో గమనించి, బండి ఆపాక పుస్తకంలో రాసుకోండి. తరువాతి పాఠం ఆ రాతతోనే మొదలవుతుంది.